అలబామాలో బ్రయంట్‌కీ సేబన్‌కీ మధ్య ఒక్క కోచ్ కూడా ఎందుకు నిలబడలేదు?

క్రిమ్సన్_ఫ్యాన్:
ఈమధ్యే అలబామా యూనివర్సిటీ టీమ్ (అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్) మ్యాచ్‌లు ఫాలో అవుతున్నా, పాత కోచ్‌ల గురించి చదువుతుంటే ఒక డౌట్ వచ్చింది. బేర్ బ్రయంట్ 1958 నుంచి 1982 దాకా 25 సీజన్లు, నిక్ సేబన్ 2007 నుంచి 2023 దాకా 17 సీజన్లు, ఇద్దరివీ ఇక్కడ చెరో ఆరు జాతీయ టైటిల్స్. మధ్యలో 24 సీజన్లకి ఏడుగురిని తీసుకున్నారు. బ్రయంట్‌తో పోల్చి చూడటం వల్లే ఎవరూ నిలవలేదంటారు, అదొక్కటే కారణమా?

విష్‌బోన్:
మొదటి ఇద్దరి విషయంలో మాత్రం అదే బ్రో. బ్రయంట్ చివరి మ్యాచ్ 1982 డిసెంబర్ 29న, నెల తిరక్కుండానే జనవరి 26న చనిపోయాడు, ఊరంతా ఆ బాధలో ఉండగా కొత్త కోచ్ రే పర్కిన్స్ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయన బ్రయంట్ దగ్గర ఆడినవాడే, ప్రొఫెషనల్ టీమ్ న్యూయార్క్ జెయింట్స్ హెడ్ కోచ్ ఉద్యోగం వదిలేసి మరీ వచ్చాడు, కానీ విష్‌బోన్ ఆఫెన్స్ (బ్రయంట్ వాడిన, బంతి పట్టుకుని పరిగెత్తడం మీద నడిచే ఆట పద్ధతి) తీసేశాడు, ప్రాక్టీస్ గ్రౌండ్‌లో బ్రయంట్ నిలబడి చూసే టవర్ కూడా తీయించేశాడు, 1984లో 5-6 (ఐదు గెలుపులు, ఆరు ఓటములు) వచ్చేసరికి (1957 తర్వాత అదే మొదటి లూజింగ్ సీజన్) జనం అవన్నీ గుర్తుపెట్టుకున్నారు. తర్వాత బిల్ కర్రీ, జార్జియా టెక్ అనే వేరే కాలేజీ మనిషి. 1989లో పది మ్యాచ్‌లు గెలిచినా మూడేళ్లూ అదే రాష్ట్రంలోని బద్ధ ప్రత్యర్థి ఆబర్న్ చేతిలో ఓడాడు, అక్కడ అది క్షమించరు, కెంటకీ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు.

రోజ్‌బౌల్1926:
కర్రీ తర్వాత వచ్చిన కోచ్ స్టాలింగ్స్‌ని మర్చిపోకండి! 1990లో వరసగా మూడు ఓటములతో మొదలుపెట్టి 1992లో 13-0, షుగర్ బౌల్‌లో (సీజన్ చివర్లో ఆడే పెద్ద మ్యాచ్) మయామీని 34-13తో కొట్టాడు. పోలికే అసలు సమస్య అయితే ఆయన కూడా గెలవకూడదు కదా. నా లెక్కలో తర్వాత దెబ్బ కొట్టింది ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) శిక్షలు. 2002లో రెండేళ్లు బౌల్ మ్యాచ్‌లు ఆడకుండా బ్యాన్, ఆటగాళ్లకిచ్చే 21 స్కాలర్‌షిప్‌లు కోత. అప్పటి కోచ్ ఫ్రాంకియోనీ ఆ ఏడాది 10-3 చేసి కూడా టెక్సస్ ఏ అండ్ ఎమ్‌కి వెళ్లిపోయాడు, ఆయన బదులు తెచ్చిన మైక్ ప్రైస్‌ని ఒక్క మ్యాచ్ కూడా ఆడించకముందే మైదానం బయటి ప్రవర్తన మీద తీసేశారు, 2003 మేలో కొత్త కోచ్‌గా షూలా వచ్చేసరికి సీజన్‌కి నాలుగు నెలలు కూడా లేవు. ఆ టీమ్‌తో 4-9 అంటే పాపం ఆయన్ని ఏమంటాం.

విష్‌బోన్:
ఒప్పుకుంటా, షూలా పాయింట్ కరెక్టే. 2005లో 10-2 కూడా చేశాడు, కానీ నాలుగేళ్లూ ఆబర్న్ మీద ఓటమే.

పాత_టైడ్:
ఇంకొంచెం వెనక్కి వెళ్లి చూడండి. బ్రయంట్‌కి ముందు కోచ్‌గా ఉన్న విట్‌వర్త్ మూడేళ్లలో గెలిచింది నాలుగే, 1955లో 0-10. అంటే బ్రయంట్ అనే పేరు లేనప్పుడు కూడా ఈ ప్రోగ్రాం పడింది. అంతకుముందు కోచ్‌లు వాలెస్ వేడ్, ఫ్రాంక్ థామస్ కలిపి ఐదు టైటిల్స్ తెచ్చారు, బ్రయంట్ స్వయంగా థామస్ దగ్గర ఆడినవాడు. నాకైతే సేబన్ విషయంలో తేడా ఏంటంటే వచ్చేటప్పటికే ఎల్ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) గెలిచిన 2003 టైటిల్ చేతిలో ఉంది, మొదటి ఏడాది లూసియానా మన్రో అనే చిన్న టీమ్ చేతిలో ఓడి 7-6 వచ్చినా ఆయన పద్ధతి మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ ఓపిక కర్రీకి దొరకలేదు. సేబన్ తర్వాత వచ్చిన డిబోర్‌ని మొదటి సీజన్ 9-4కే తీసేయమన్నవాళ్లున్నారు, అది చూస్తే మాత్రం నాకు భయంగానే ఉంది.