ర్యాంప్ షోకు డబ్బు కట్టాలా, డిజైనర్ దగ్గర పనికి చేరాలా?

కుచ్చిళ్లు
హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైనింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. సెలవులకు రెండు అవకాశాలున్నాయి. ఒక సంస్థ తన ర్యాంప్ షోలో ఆరు డ్రస్సులు ప్రదర్శించుకోనిస్తుందట. మోడళ్లను, మేకప్‌ను వాళ్లే చూసుకుంటారు, డబ్బు మాత్రం మనం కట్టాలి. రెండోది బంజారాహిల్స్‌లో ఒక డిజైనర్ దగ్గర రెండు నెలల శిక్షణ. జీతం లేదు, దారి ఖర్చులిస్తారు. ఫొటోలు మిగులుతాయని నాన్న మొదటిదానికే మొగ్గుతున్నారు. ఏం చేయమంటారు?

బెజవాడ బొటిక్
డబ్బు కట్టకండి. నా దగ్గరకు పనికోసం వచ్చే పిల్లల ఆల్బమ్‌లలో ర్యాంప్ ఫొటోలకు కొదవ లేదు. ఈ బ్లౌజు చంక దగ్గర ఎందుకు పట్టేస్తోందని అడిగితే మాత్రం నేలచూపులు చూస్తారు. నేను ఫొటోలు పక్కన పెట్టి, వాళ్లు కుట్టిన డ్రస్సు తిరగేసి లోపలి కుట్లు చూస్తాను.

తెర వెనక
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. షోలు వద్దనకండి, తెర వెనక పనికి వెళ్లమనండి. చదువుకునే రోజుల్లో మోడళ్లకు బట్టలు తొడిగే డ్రస్సర్‌గా నేను వెళ్లేదాన్ని. మోడల్‌కొక స్టాండు, దాని మీద వేసుకునే వరుసలో డ్రస్సులు, ప్రతి హ్యాంగర్‌కూ ఫొటో అంటించిన చీటీ, కింద చెప్పులు, సంచిలో నగలు. ముందురోజు ఫిట్టింగ్‌లో నడుం వదులైతే ఆ రాత్రే సరిచేయాలి. ఒకసారి మోడల్ వరుసలో నిలబడ్డాక వీపు మీద జిప్పు పళ్లు విడిపోయాయి. మార్చే వ్యవధి లేదు. అక్కడున్న టైలరమ్మ సూది తీసి, డ్రస్సు ఒంటి మీద ఉండగానే కచ్చా కుట్టు వేసి పంపేసింది; తిరిగొచ్చాక కత్తిరించి విప్పాం. ప్రేక్షకుల్లో ఒక్కరికీ తెలియలేదు. బిగుతైన డ్రస్సుకు జిప్పు పైన హుక్కు లేకుండా నేను ఇప్పటికీ కుట్టించను.

చిటికి
మాది పోచంపల్లి. నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) పిల్లలు చదువులో భాగంగా చేనేత ఊళ్లకు వస్తుంటారు. అదీ అనుభవమే. ఒకమ్మాయి తెచ్చిన డిజైన్‌లో ఒక్క బుటాకే ఎనిమిది రంగులు! మేం నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తాం. రంగు రంగుకూ మళ్లీ కట్టాలి, విప్పాలి. మా నాన్న ఏమీ అనకుండా ఆమెను చిటికి, అంటే ఆ ముడులు, కట్టేచోట కూర్చోబెట్టారు. సాయంత్రానికి మూడు రంగులకు దిగింది. మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం వచ్చాక నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోసే ఆడవాళ్ల భుజాల నొప్పి తగ్గింది గానీ, చిటికి కట్టడం ఇంకా చేతిపనే.

పాఠం చెప్పేవాడు
డబ్బు తీసుకుని చోటిచ్చే షోలను, ఎంపిక చేసి వెన్నుతట్టే వేదికలను ఒకే గాటన కట్టొద్దు. లాక్మే ఫ్యాషన్ వీక్‌లో జెన్‌నెక్స్ట్ అనే వేదిక ఉంది: దరఖాస్తులు వడపోసి, ఎంపికైన కొత్తవాళ్లకు సలహాదారుల తోడు ఇస్తారు. డిజైనర్ రాహుల్ మిశ్రా 2006లో ఆ ఫ్యాషన్ వీక్‌లోనే కేరళ చేనేతతో మొదలయ్యారు. 2014లో ఉన్నితో చేసే డిజైన్లకిచ్చే అంతర్జాతీయ వూల్‌మార్క్ బహుమతి గెలిచారు. ఆయన చేతిలో అప్పుడున్నది ఫొటోలు కాదు, ఒక చేనేత బట్ట మీద స్పష్టమైన ఆలోచన. ఇక మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి: ఆ ఆరు డ్రస్సుల గుడ్డ, కుట్టుకూలి ఖర్చు వేరే ఉంటుంది.

కుచ్చిళ్లు
ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. కుట్టుకూలి దగ్గర ఆగిపోయారు. డిజైనర్ దగ్గర చేరితే ముందే ఏం అడగాలి?

బెజవాడ బొటిక్
కటింగ్ మాస్టర్ పక్కన ఎన్నాళ్లు కూర్చోనిస్తారో అడుగమ్మా. కోరా గుడ్డ మీద నమూనా కత్తిరించడం నుంచి ఫిట్టింగ్ దాకా ఒక్క డ్రస్సైనా నీ చేతుల మీదుగా నడవాలి. జనరల్ బజార్‌లో లేసులకూ గుండీలకూ తిప్పుతారు. మంచిదే, కొట్లు తెలుస్తాయి. రెండు నెలలూ అదే పనైతే మానేసి రా.

తెర వెనక
అక్కడ చేసిన పని ఫొటోలు నీ ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చో లేదో కూడా తేల్చుకో. చాలామంది కొత్త డిజైన్లు షో అయ్యేదాకా బయటపెట్టనివ్వరు. ఏ డ్రస్సులో ఏ పని చేశావో వివరంగా రాసిన లేఖ ఇస్తారా అని మొదటి రోజే అడుగు. పెళ్లిళ్ల సీజను మొదలయ్యాక అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.