పాత బుర్దా కుట్టు పత్రికలు: ప్యాటర్న్ షీట్లు అన్నీ ఉన్నాయని కొనేముందే తేల్చుకోవడం ఎలా?

తపాలా ఖర్చుతో కలిపి రూ.1,500 లోపు నాలుగైదు పాత బుర్దా సంచికలు ఆన్‌లైన్‌లో కొనాలి. జర్మన్‌వైనా ఫర్వాలేదు, గీతలకు భాషతో పనిలేదు. అసలు సరుకు మధ్యలో మడిచి పెట్టే ప్యాటర్న్ షీట్లే, అంటే బట్ట కత్తిరించాల్సిన ముక్కల ఆకారాలు గీసిన పెద్ద కాగితాలే. అవి లేకపోతే మిగిలేది బొమ్మల పుస్తకం!

అమ్మేవాళ్లు అట్ట ఫోటో ఒక్కటే పెడతారు. షీట్లున్నాయా అంటే "ఉన్నాయండీ" అంటారు. అన్నీ ఉన్నాయా, ఎవరైనా కత్తెర పెట్టారా అన్నది అసలు ప్రశ్న. ఒకే కాగితం మీద పది డిజైన్ల గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి, ట్రేసింగ్ పేపర్ మీదికి ఎత్తుకోకుండా ఒక జాకెట్ చెయ్యి కత్తిరించినా మిగతావన్నీ పాడైనట్టే.

ఏ డిజైన్ ఏ షీట్‌లో, ఏ రంగు గీతతో ఉందో చెప్పే సూచనల పేజీ ఫోటో, నేలమీద పరిచిన షీట్ల ఫోటోలు రెండు వైపులా అడిగితే చాలా? మడతల దగ్గర చిరుగులు, ట్రేసింగ్ చక్రం (గీతలు ఎత్తుకునే పళ్ల చక్రం) చేసిన చిల్లులు ఫోటోలో తెలుస్తాయా?

ఇంకొకటి. షీట్ల జిరాక్సులు చవగ్గా ఇస్తామంటున్నారు. 3 శాతం కుదించుకుపోయినా 92 సెం.మీ. ఛాతీ 89కి దిగుతుంది. పైగా ఆ గీతల్లో కుట్టు మార్జిన్ (కుట్టు కోసం అంచున వదిలే బట్ట) కలిసి ఉండదు. కాపీలో కొలత సరిచూసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

షీట్లన్నీ ఉన్న సంచికకు ఎంతవరకు పెట్టొచ్చు? హైదరాబాద్ అబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో ఇవి దొరుకుతుంటే ఆ ధర కూడా చెప్పండి.