వెండి బిళ్ళ అంచు మీద పేరుంది: మా తాతగారి తాత ఏ పటాలం?

ప్రశ్న (విజయనగరం జిల్లా నుంచి):
అందరికీ నమస్కారం. మా నాన్నమ్మ భోషాణం ఖాళీ చేస్తుంటే రూపాయి కన్నా పెద్ద వెండి బిళ్ళ ఒకటి దొరికింది. ఒకవైపు రాణీ తల, రెండోవైపు రెక్కల ఆడమనిషి కూర్చున్న వీరుడికి దండ వేస్తోంది. పైన చిన్న పట్టీ మీద ఇంగ్లీషులో 'పెగు' అని ఉంది. అంచు చుట్టూ మా తాతగారి తాత పేరు, నాయక్ అన్న మాట, తర్వాత '9', 'ఎం. ఎన్. ఐ.' అన్న పొడి అక్షరాలు. మా ఇంట్లో చెప్పుకునేదేమో ఆయన సుబేదారు అనీ, 1857లో ఢిల్లీ దాకా వెళ్ళి పోరాడాడనీ. ఊళ్ళో ఇప్పటికీ మాది 'సుబేదారుగారి ఇల్లే'. ఆయన కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? బిళ్ళ నల్లబడిపోయింది, చింతపండు పెట్టి తోమి ఫొటో పెడతాను.

జవాబు (పాత పతకాలు పోగుచేసే ఆయన):
ముందు ఆ చింతపండు పక్కన పెట్టండి బాబూ! తోమితే పోయేది మసి ఒక్కటే కాదు, అంచు మీది అక్షరాలూ అరిగిపోతాయి. మీ దగ్గరున్న అసలు దస్తావేజు ఆ అంచే. పలకా బలపం తీసుకుని, అక్షరం తప్పకుండా, తప్పు స్పెల్లింగైనా సరే ఉన్నదున్నట్టు రాసుకోండి. దొరలు మన పేర్లను చెవికి వినపడినట్టు రాసేవారు. ఒక్క అప్పలస్వామినే పది రకాలుగా చూశాను.

అది 1854లో పెట్టిన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్. ఎర్ర రిబ్బను మీద రెండు నీలం చారలుండేవి. 'పెగు' పట్టీ రెండో బర్మా యుద్ధానిది, 1852-53 నాటిది. ఎం. ఎన్. ఐ. అంటే మద్రాస్ నేటివ్ ఇన్‌ఫంట్రీ. అంటే మీ తాతగారు తొమ్మిదో మద్రాసు పటాలంలో నాయక్. 1852 ఏప్రిల్లో రంగూన్ మీదికి వెళ్ళిన మద్రాసు దళాల్లో ఆ తొమ్మిదో పటాలం ఉంది. మీవైపు వాళ్ళు 'రంగం' అంటారు చూడండి, ఆ రంగమే.

ఇక ఢిల్లీ సంగతి. 1857కి వేరే పతకం ఉంది, దాన్ని ఈ బిళ్ళతో కలపకండి. అది మీ ఇంట్లో ఉంటే చెప్పండి. లేకపోతే ఆ కథను కథగానే ఉంచండి. సుబేదారన్నది మాత్రం కొట్టిపారేయను. అంచు మీద ఉండేది ఆ యుద్ధం నాటి హోదా. నాయక్ తర్వాత హవల్దారు, జమేదారు, ఆపైన సుబేదారు. కంపెనీ పటాలాల్లో ఆ మెట్లెక్కేసరికి జుట్టు నెరిసేది.

జవాబు (మాజీ సైనికుడు):
ఆయన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మీరు ఇప్పుడు మద్రాస్ రెజిమెంట్‌కి ఉత్తరం రాద్దామనుకుంటారు. చాలామంది పడే పొరపాటు అదే. 1903లో అప్పటి భారత సేనాపతి కిచ్‌నర్ పటాలాల అంకెలన్నీ మార్చేశాడు. అప్పటికి మిగిలిన మద్రాసు పటాలాలకు అరవై కలిపారు, కాబట్టి తొమ్మిది కాస్తా అరవై తొమ్మిదయింది. పేరేమిటో తెలుసా? 69వ పంజాబీస్! 1922లో అది రెండో పంజాబ్ రెజిమెంట్‌లో రెండో బెటాలియన్. స్వాతంత్ర్యం వచ్చాక ఆ బెటాలియన్‌ని బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ అన్న రెజిమెంట్‌లోకి మార్చారు, అందులో అది మొదటి బెటాలియన్. మన సర్కారు జిల్లాల తెలుగువాళ్ళు మోసిన పటాలం చరిత్ర ఇప్పుడు అక్కడ ఉంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారన్న అభిప్రాయం పెంచుకున్నాడు. దాంతో మనవాళ్ళ భర్తీ క్రమంగా తగ్గిపోయింది. ఒకప్పుడు ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనేవారంటే నమ్మండి.

అడిగినవారు:
గురువుగారూ, కళ్ళు తిరుగుతున్నాయి. మరి ఆయన సర్వీసు కాగితం?

జవాబు (పాత పతకాలు పోగుచేసే ఆయన):
పటాలంలో ప్రతి సిపాయికీ ఊరు, కులం, వయసు, ఎత్తు రాసి ఉంచేవారు. నెలకు ఏడు రూపాయల మామూలు సిపాయిల చిట్టాలు చాలావరకు పోయాయి, దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు సైనికశాఖ రికార్డులున్నాయి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు కాగితాలున్నాయి. అక్కడికి వెళ్ళేముందు ఇల్లు వెతకండి. పింఛను కాగితం ఒక్కటి దొరికినా చాలు. పుట్టుమచ్చలతో సహా ఆనవాళ్ళు రాసేవారు అందులో. 'బహదూర్' అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. 1837లో మొదలైన ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా వచ్చిన దేశీ అధికారుల పేరు చివర అది చేరేది.

జవాబు (మాజీ సైనికుడు):
ఇంకోటి. మద్రాసు సిపాయిలు పెళ్ళాం బిడ్డలతో సహా పటాలం వెంటే తిరిగేవారు, లైన్లలో కాపురాలు. కాబట్టి పిల్లలు పుట్టిన ఊరు మీ ఊరు కానక్కర్లేదు. సికింద్రాబాదు, బళ్ళారి, నాగపూరు దగ్గరి కాంప్టీ, ఇవన్నీ మద్రాసు సేన మకాం వేసిన దండులే (కంటోన్మెంట్లే). ముసలివాళ్ళని అడగండి, ఏ ఊరి పేరు చెవిన పడిందో.

అడిగినవారు:
అయ్యా, ఇప్పుడే మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై ఆరు. మా ముత్తాతని, అంటే ఈ నాయక్‌గారి కొడుకుని, ఇంట్లో అందరూ 'కాంటీ తాత' అనేవారట. కంటి జబ్బేదో ఉండేదని మేమంతా అనుకున్నాం. 'కన్ను బాగానే ఉండేదిరా, సూదిలో దారం ఎక్కించేవాడు' అని నవ్వింది అత్త.

జవాబు (మాజీ సైనికుడు):
కాంప్టీయే అయ్యుంటుంది! ఆయన పుట్టిన ఏడాది తెలుసుకోండి. ఆ కాలపు మద్రాసు ఆల్మనాకుల్లో, అంటే ఏడాది వివరాల పుస్తకాల్లో, ఏ పటాలం ఏ దండులో ఉందో ఏటేటా అచ్చువేశారు. తొమ్మిదోది అప్పుడు కాంప్టీలో కనిపించిందా, మీ తాతగారు అందులోనే ఉన్నట్టు. కనిపించకపోతే మధ్యలో పటాలం మారాడేమో చూద్దాం.

అడిగినవారు:
అత్త దగ్గర జాతకం ఉందట. ఆదివారం వెళ్తున్నాను. బిళ్ళ తోమలేదు.