స్టెరాయిడ్ పొద్దున్నే వేసుకోవాలా, రాత్రికి మార్చుకోవచ్చా? మిగతా మాత్రలతో ఎలా సర్దాలి?

బిగిసినవేళ్ళు:
నాకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్ళవాతం). రోజూ పొద్దున తిన్నాక ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 7.5 మిల్లీగ్రాములు వేసుకుంటాను. దాంతోపాటు నొప్పికి రెండు పూటలా నాప్రోక్సెన్, కడుపులో యాసిడ్ తగ్గడానికి పాంటొప్రజోల్, కాల్షియం. జబ్బు అదుపులో ఉండటానికి వారానికోసారి మెథోట్రెక్సేట్, మర్నాడు ఫోలిక్ యాసిడ్. ఇంతవరకూ బాగానే ఉంది. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి మాత్రం వేళ్ళు కొయ్యబారిపోయి ఉంటాయి. టూత్‌పేస్ట్ మూత పంటితో తిప్పాల్సి వస్తోంది. మాత్ర పడ్డాక కూడా మధ్యాహ్నం అవుతుంటేగానీ చెయ్యి స్వాధీనంలోకి రాదు. అదే మాత్ర రాత్రి పడుకునేముందు వేసుకుంటే తెల్లారేసరికే పనిచెయ్యాలి కదా? డాక్టరుగారిని అడిగితే "పొద్దున్నే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కారణం తెలిసినవాళ్ళు చెప్పండి.

పొద్దుపొడుపు:
కారణం ఉందండి. మన ఒంట్లోనే తయారయ్యే స్టెరాయిడ్ కార్టిసాల్. అది అర్ధరాత్రి బాగా తక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి, మనం లేచే వేళకి శిఖరానికి చేరుతుంది. మాత్ర ఆ వేళకి వేసుకుంటే ఒంటి లయతో కలిసిపోతుంది. రాత్రి వేసుకున్నారనుకోండి, మెదడు "సరుకు ఉందిగా" అనుకుని, కార్టిసాల్ తయారుచేసే ఎడ్రినల్ గ్రంథులకి పంపే కబురు ఆపేస్తుంది. తెల్లవారుజామున రావలసిన సొంత కార్టిసాల్ అలా తగ్గిపోతుంది. ఇక నిద్ర సంగతి సరేసరి. పైకప్పు చూస్తూ తెల్లారుతుంది. మీ డాక్టరుగారు చెప్పిందే కరెక్టు.

రాత్రిపక్షం:
కథ అక్కడితో అయిపోలేదు. రుమటాయిడ్ ఉన్నవాళ్ళలో వాపుని రేపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం తెల్లవారుజామునే బాగా పెరుగుతుంది. నిద్ర లేచేసరికి కీళ్ళు పట్టేసి ఉండటానికి అదొక ముఖ్య కారణం. పొద్దున ఎనిమిదింటికి మాత్ర వేసుకోవడమంటే ఇల్లు కాలాక బావి తవ్వడమే. 1997లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 26 మందికి ఇదే తక్కువ డోసు ప్రెడ్నిసలోన్, కొందరికి రాత్రి 2 గంటలకీ, కొందరికి పొద్దున 7:30కీ ఇచ్చి చూశారు. రెండింటికి వేసుకున్నవాళ్ళకే బిగుతు, నొప్పి ఎక్కువ తగ్గాయి. ఆ తర్వాత 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన కాప్రా-1 అధ్యయనం 288 మంది మీద చేసింది. దానిలోనూ రాత్రి మాత్రదే పైచేయి. "పొద్దున్నే" అన్నది అందరికీ ఒకే రాతిశాసనం కాదు.

పొద్దుపొడుపు:
అధ్యయనం పేరు చెప్పారు, మాత్ర పేరు చెప్పలేదు. కాప్రా-1లో రాత్రి పదింటికి ఇచ్చింది మామూలు ప్రెడ్నిసలోన్ కాదు. దాని తోబుట్టువులాంటి ప్రెడ్నిసోన్, అదీ ఆలస్యంగా విడుదలయ్యే రకం. దాని పైపొర సుమారు నాలుగు గంటల తర్వాత తెరుచుకుంటుంది, అంటే రెండింటికి. మనం మామూలు మాత్ర పదింటికి మింగితే ఒకటి రెండు గంటల్లోనే రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది, ఆపైన రెండు నుంచి నాలుగు గంటలకోసారి సగానికి పడిపోతూ ఉంటుంది. అసలు అవసరం వచ్చేసరికి మందు దిగిపోతూ ఉంటుంది, నిద్ర పట్టాల్సిన వేళకి పీక్‌లో ఉంటుంది. రెండువిధాలా నష్టమే. 1997 నాటి అధ్యయనంలాగా రోజూ అలారం పెట్టుకుని రెండింటికి లేస్తారా?

రాత్రిపక్షం:
సరే, మాత్ర రకం ముఖ్యమని ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పిన ఎడ్రినల్ భయం సంగతో? అదే కాప్రా వాళ్ళు రాత్రి మాత్రకి మారినవాళ్ళ ఎడ్రినల్ పనితీరు పరీక్షించి చూస్తే, అంతకుముందు కంటే దిగజారలేదు. "రాత్రి స్టెరాయిడ్ అంటే గ్రంథులు పడుకుంటాయి" అని ప్రతిచోటా భయపెట్టేవాళ్ళు ఆ సంగతి కూడా చెప్పాలి.

పొద్దుపొడుపు:
తక్కువ డోసులో, ఆ మాత్రతో, నిజమే. నేనూ పూర్తి లెక్క చెబుతాను. కాప్రా-1లో పొద్దుటి బిగుతు ఉండే సమయం, మామూలు మాత్ర పొద్దున వేసుకున్న గుంపు కంటే రాత్రి మాత్ర గుంపులో దాదాపు అరగంట ఎక్కువ తగ్గింది. ఆ అరగంట విలువ ప్రశ్న అడిగిన వారికి నాకంటే బాగా తెలుసు. కానీ మొత్తం జబ్బు తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అద్భుతమేమీ కాదు.

గుళికలపెట్టె:
మీ ఇద్దరి మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను మందుల షాపు కౌంటరు వెనక పనిచేసేదాన్ని. ప్రశ్న అడిగినవారి జాబితా చూస్తే నా కన్ను స్టెరాయిడ్ మీద కాదు, నాప్రోక్సెన్ మీద పడింది.

ముందు కడుపు సంగతి. స్టెరాయిడ్, నొప్పి మాత్ర రెండూ కలిస్తే కడుపులో పుండ్లు, రక్తస్రావం రిస్కు విపరీతంగా పెరుగుతుంది. ఈ రెండూ వాడనివాళ్ళతో పోలిస్తే సుమారు 15 రెట్లని 1991లోనే ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. రెండిటినీ వేరువేరు పూటలకి జరిపితే రిస్కు పోతుందనుకోవడం భ్రమ. ఆ దెబ్బ మాత్ర కడుపు గోడకి తగలడం వల్ల మాత్రమే కాదు, రక్తంలో కలిశాక పడేది కూడా. కడుపులో కరగని పూత వేసిన స్టెరాయిడ్‌కీ ఇదే వర్తిస్తుంది. అందుకే మీ పాంటొప్రజోల్ ఉంది. దాన్ని మిగతావాటితో కలిపి గుప్పెడుగా మింగేవాళ్ళే ఎక్కువ. పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకుంటే దాని పని అది చేస్తుంది.

రెండోది, నాప్రోక్సెన్ రక్తంలో చాలాసేపు ఉంటుంది, సగం తగ్గడానికే 12 గంటలు పైన. రెండో డోసు సాయంత్రం తొందరగా వేసేసుకుంటున్నారా? దాన్ని రాత్రి భోజనం తర్వాతకి జరిపితే తెల్లవారుజాముకి ఇంకా గట్టిగా ఉంటుంది. స్టెరాయిడ్‌ని కదిపేముందు ఇది డాక్టరుగారిని అడగండి. కిడ్నీ పరీక్షలు, బీపీ బాగుంటేనే సుమా. మెథోట్రెక్సేట్‌తో నాప్రోక్సెన్ నడుస్తున్నప్పుడు రక్తపరీక్షలు ఎగ్గొట్టకూడదు.

కాల్షియం పొద్దుటి గుంపులోంచి తీసి మధ్యాహ్నం భోజనంలోకి మార్చండి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు దానికీ కాల్షియంకీ నాలుగు గంటల ఎడం పాటించాలి. ఎముకల కోసం వారానికోసారి అలెండ్రోనేట్ ఇస్తే అది లేవగానే, ఒట్టి నీళ్ళతో, అన్నిటికంటే ముందు. వేసుకున్నాక అరగంట నడుం వాల్చకూడదు. ఆ రోజు స్టెరాయిడ్ ఆ తర్వాతే. గ్యాస్‌కి తాగే తెల్లటి మందు, పూత ఉన్న స్టెరాయిడ్ ఒకేసారి పడకూడదు, పూత ముందే ఊడిపోతుంది.

ఇక మెథోట్రెక్సేట్. దాన్ని రోజువారీ డబ్బాలో పొరపాటున కూడా పెట్టకండి. వారం మందు రోజూ వేసుకుంటే ప్రాణాల మీదకి వస్తుంది. పొద్దునా రాత్రా అన్న వాదన కంటే నాకు ఇదే పెద్ద విషయం.

తీపిలెక్క:
షుగరు ఉన్నవాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. పొద్దున స్టెరాయిడ్ వేసుకుంటే షుగరు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పైకెక్కుతుంది. పొద్దున పరగడుపు రీడింగ్ చక్కగానే కనిపిస్తుంది. దాన్నే నమ్ముకుని "నాకేం పెరగలేదు" అనేవాళ్ళను చూశాను. భోజనం తర్వాత, సాయంత్రం కూడా చూసుకోవాలి. స్టెరాయిడ్ రాత్రికి జరిపితే షుగరు పెరిగే వేళ కూడా జరుగుతుంది. ఇన్సులిన్ మాత్రం పాత లెక్కలోనే ఉంటే కొన్ని గంటలు హై, కొన్ని గంటలు లో. ఇద్దరు డాక్టర్లకీ చెప్పకుండా ముట్టుకోవద్దు.

సగంసగం:
పొద్దున సగం, రాత్రి సగం వేసుకుంటే గొడవే ఉండదుగా?

పొద్దుపొడుపు:
పాలీమయాల్జియా రుమాటికాకి (భుజాలు, తుంటి పట్టేసే జబ్బు) 2015లో వచ్చిన అంతర్జాతీయ సిఫార్సులు రోజుకి ఒకే డోసు మేలన్నాయి. ప్రత్యేక పరిస్థితులకే మినహాయింపు ఇచ్చాయి. ఉదాహరణకి డోసు తగ్గిస్తూ 5 మిల్లీగ్రాముల లోపుకి వచ్చాక రాత్రి నొప్పి బాగా వేధిస్తుంటే. ఆ జబ్బు వేరు, వీరిది వేరు, కానీ సగంసగం సొంతంగా చేసుకునే పని కాదని మాత్రం తెలుస్తోంది.

రాత్రిపక్షం:
చూశారా, రాత్రి నొప్పికి పుస్తకంలోనే చోటుంది.

పొద్దుపొడుపు:
కిటికీ తెరిచారు, మీరు గోడే పడగొడుతున్నారు.

బిగిసినవేళ్ళు:
అందరికీ థాంక్స్. గుళికలపెట్టె గారూ, మీరన్నట్టే నాప్రోక్సెన్ రెండో మాత్ర సాయంత్రం ఐదింటికే వేసేసుకుంటున్నాను. పాంటొప్రజోల్ అన్నిటితో కలిపే. ఈసారి వెళ్ళినప్పుడు ఏ మాత్ర ఏ టైముకో కాగితం మీద రాసుకుని వెళ్తాను, ఆలస్యంగా విడుదలయ్యే రకం గురించి కూడా అడుగుతాను. ఒక్క సందేహం. ఒకవేళ రాత్రికి మార్చమంటే, ఆ రోజు పొద్దుటి డోసు మానేసి రాత్రి నుంచి మొదలుపెట్టాలా?

గుళికలపెట్టె:
ఎలా మారాలో రాసిచ్చే డాక్టరే చెప్పాలి, అది కూడా కాగితం మీద రాయించుకోండి. ఆలస్యంగా విడుదలయ్యేది అన్ని దేశాల్లో దొరకదు. దొరికితే రాత్రి భోజనంతోగానీ తర్వాతగానీ వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటబట్టదు. విరిచినా నలిపినా దాని ఆలస్యం పోతుంది. మీరు ఎంతో కాలంగా వాడుతున్నారు కాబట్టి ఎవరు ఏం చెప్పినా మధ్యలో ఒక్కసారిగా మాత్రం ఆపకండి, ఎడ్రినల్ గ్రంథులు వెంటనే అందుకోలేవు. ఒకపూట మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు కలిపి వద్దు. వాంతులై మాత్ర నిలవకపోతే అదే రోజు ఫోన్ చెయ్యండి.