గ్రాట్యుటీ లెక్కలో 26 బదులు 30తో భాగిస్తే ఏమవుతుంది?

ప్రశ్న: నెలకు బేసిక్ (మూల వేతనం) 26,000, గ్రాస్ (అలవెన్సులతో కలిపి మొత్తం) 60,000, డీఏ (కరువు భత్యం) లేదు. సర్వీసు 7 ఏళ్ళ 7 నెలలు. 2026 జనవరిలో రాజీనామా. కంపెనీ గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసుకు ఇచ్చే మొత్తం) 91,000 అని లెక్క కట్టి, నోటీసు పూర్తి చేయలేదని అందులోంచి 26,000 కోసింది. సరైనదేనా?

పేరోల్_డెస్క్: రెండు చోట్ల తప్పింది. గ్రాట్యుటీ అంటే ఏడాదికి 15 రోజుల జీతం. ఆ రోజు జీతం కోసం నెలజీతాన్ని 30తో కాదు, 26తో భాగించాలి. వారాంతపు సెలవులు తీసేస్తే మిగిలే పనిరోజులవి. ఆరు నెలలు దాటిన చివరి ఏడాదిని పూర్తి ఏడాదిగా పట్టుకోవాలి కాబట్టి 8. 26,000 × 15 ÷ 26 × 8 = 1,20,000.

లా_నోట్సు: అదీ తక్కువే. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లో ఉంది. వేతనం లెక్కలోకి రాని హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), కన్వేయన్స్ (రాకపోకల ఖర్చు) లాంటి మినహాయింపులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేరా వేతనంలో కలుస్తుంది. ఇక్కడ అలవెన్సులు 34,000, మొత్తంలో సగం 30,000, దాటింది 4,000. వేతనం 30,000 అయితే గ్రాట్యుటీ సుమారు 1,38,462. అలవెన్సులన్నీ ఆ మినహాయింపుల కోవలోకి వస్తాయో లేదో పేస్లిప్పులో ఒక్కో లైనూ చూడాలి. స్పెషల్ అలవెన్స్ అని రాసేసి ఊరుకుంటే చాలదు.

పేరోల్_డెస్క్: ఒప్పుకుంటా, నాది పాత లెక్క.

హెచ్‌ఆర్_మూల: నోటీసు డబ్బు ఆఖరి జీతంలోంచి రాబట్టుకోవచ్చేమో గానీ గ్రాట్యుటీ ముట్టుకోవడానికి లేదు. ఉద్యోగి నష్టం కలిగించాడని, లేదా హింసకు, నైతికంగా పతనమైన నేరానికి పాల్పడ్డాడని తొలగించినప్పుడే ఆపగలరు. నష్టమైతే నష్టం మేరకే. నోటీసు ఎగ్గొట్టడం వీటిలో దేనికిందికీ రాదు. సీటీసీలో (ఉద్యోగి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు లెక్కలో) బేసిక్ మీద 4.81 శాతం గ్రాట్యుటీ అని చూపిస్తారు కదా, అది 15/26ని 12తో భాగిస్తే వచ్చే అంకె మాత్రమే, ఉద్యోగి ఖాతాలో పోగైన డబ్బు కాదు.

ప్రశ్న: ఫిర్యాదు ఎక్కడ?

లా_నోట్సు: ముందు కంపెనీకి రాతపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వండి, రసీదు సంతకం లేదా రిజిస్టర్డ్ పోస్టు ముక్క దాచండి. బాకీ పడ్డాక 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ. కోడ్‌కు ముందున్న పాత గ్రాట్యుటీ చట్టం కింద అది ఏడాదికి 10 శాతం, సాధారణ వడ్డీ. చెల్లించకపోతే లేబర్ ఆఫీసు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: కంపెనీకి ఒకటికంటే ఎక్కువ రాష్ట్రాల్లో బ్రాంచిలుంటే అది కేంద్ర లేబర్ కమిషనర్ పరిధి. రాష్ట్ర ఆఫీసులో వేసిన దరఖాస్తు నెలల తర్వాత వెనక్కొస్తుంది.

హెచ్‌ఆర్_మూల: అపాయింట్‌మెంట్ లెటర్, ఆఖరి మూడు పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ జత చేయండి. చేరిన తేదీ మీద పేచీ వస్తే పీఎఫ్ పోర్టల్‌లోని సర్వీస్ హిస్టరీ పనికొస్తుంది.

షాప్‌ఫ్లోర్: ఫిక్స్‌డ్ టర్మ్ (గడువు తేదీ ఉన్న ఒప్పందం) వాళ్ళకూ గ్రాట్యుటీ ఉంది, కాకపోతే పనిచేసిన కాలానికి దామాషాగా. వాళ్ళకు కోడ్ ప్రకారం ఏడాది సర్వీసు చాలు, మిగతావాళ్ళలా ఐదేళ్ళు అక్కర్లేదు. హెచ్‌ఆర్ పాత ఫైలు చూసి కుదరదంటే అపాయింట్‌మెంట్‌లో గడువు తేదీ ఉన్న పేజీ చూపించండి.