అండమాన్ కప్ప గుడ్లు పెడుతున్న ప్లాస్టిక్ డబ్బాలను తీసేయాలా, ఉంచాలా?

సాగర్‌నగర్ వాసి: విశాఖ రేవులో ఓడ ఎక్కి అండమాన్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి కనుక అడుగుతున్నాను. ఆ దీవుల్లో తప్ప మరెక్కడా లేని, 1998లో చార్లెస్ డార్విన్ పేరిట నామకరణం చేసిన చిన్న కప్ప ఒకటి అక్కడి అడవుల్లో నీరు నిలిచిన చెట్టు తొర్రల్లో గుడ్లు పెడుతుంది. అది ఇప్పుడు నర్సరీ మొక్కల సంచుల్లోనూ, అడవి అంచున పారేసిన డబ్బాల్లోనూ గుడ్లు పెడుతోందని 2024లో పరిశోధకులు ప్రకటించారు. ఆ డబ్బాలను ఏం చేయాలి?

పెందుర్తి నర్సరీ: ఉంచాలి, వీలైతే మరికొన్ని పెట్టాలి. మా సిమెంటు తొట్టి గోడకు ఏటా తొలకరిలో చెట్టుకప్ప తెల్లని నురుగు గూడు కడుతుంది, పిల్లలు నీటిలో రాలి చక్కగా పెరుగుతాయి. కప్ప తనంతట తాను దారి వెతుక్కుంటే మనం అడ్డుపడడం ఎందుకు?

మలేరియా విభాగం విశ్రాంత ఉద్యోగి: నీరు నిలిచిన డబ్బాలో కప్పకంటే ముందు డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. మనం ఇక్కడ శుక్రవారం నిల్వ నీరంతా పారబోసే డ్రై డే పాటిస్తూ అక్కడి జనాన్ని డబ్బాలు ఉంచుకోమనడం న్యాయం కాదు.

కంబాలకొండ బాటసారి: పెందుర్తి గారూ, మీ తొట్టిలోని చెట్టుకప్ప దేశమంతటా ఉంది, దీనికి ఉన్నవి ఆ దీవులే. తొర్రలో జరిగేది చూస్తే డబ్బా దానికి సాటి రాదని మీరే ఒప్పుకుంటారు. ఆడ కప్ప, దాని వీపును పట్టుకున్న మగ కప్ప పూర్తిగా నీటి బయటికి వచ్చి, తొర్ర లోపలి గోడకు తలకిందులుగా కరుచుకుని అక్కడే గుడ్లు పెడతాయి, గుడ్లలోంచి వచ్చిన తోకకప్పలు కింది నీటిలోకి జారిపడతాయి. జత దొరకని మగ కప్పలు ఊరుకోవు: తన్నుతాయి, కరుస్తాయి, జంట మధ్య తల దూర్చి విడదీయబోతాయి. ఆ తలకిందుల భంగిమ ఈ దాడులను తప్పించుకోవడానికే అలవడి ఉంటుందని పరిశోధకుల అంచనా. అంటే దానికి నీరొక్కటే చాలదు. నీటికి పైన తడి ఆరని, కాలికి పట్టు దొరికే గోడ కావాలి, అలాంటి తొర్ర ముదురు చెట్టుకే ఏర్పడుతుంది. ఎండకు పలచని సంచిలో నీరు ఇట్టే వేడెక్కుతుంది, నర్సరీలో కొట్టిన పురుగుమందు ఏదైనా చర్మంతోనే నీరు పీల్చుకునే ఆ ప్రాణికి నేరుగా ఎక్కుతుంది. ఇల్లు కాలినవాడు సత్రం అరుగు మీద పడుకుంటే అరుగు నచ్చిందని అనం కదా! డబ్బాలో కప్ప కనిపించిందంటే తొర్రలు తగ్గాయని అర్థం. డబ్బాలు పెంచి, కప్పలు బాగానే ఉన్నాయని లెక్క రాసుకుంటే ముదురు చెట్లు కొట్టేవారికి అదే సాకు అవుతుంది. అయినా గుడ్లున్న డబ్బాను బోర్లించమని నేను అనను.

పెందుర్తి నర్సరీ: మందు సంగతి నాకు తట్టలేదు, ఆ మాట నిజమే. మరికొన్ని పెట్టాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తొర్రపడిన చెట్టును పనికిరాదని ముందుగా కొట్టేసే అలవాటు మన వైపూ ఉంది, అక్కడ దాన్ని ఆపేదెవరు?

కంబాలకొండ బాటసారి: అటవీ శాఖే ఆపాలి. నరికే చెట్లకు గుర్తు వేసేటప్పుడే తొర్ర చెట్లను విడిగా లెక్కించి వదిలేయాలి. ఉన్న డబ్బాలను వానలు పోయి, తోకకప్పలు కాళ్లొచ్చి గట్టెక్కాక ఒక్కొక్కటీ తొంగిచూసి తీయాలి. ఇళ్ల మధ్య ఉన్నవాటిని మాత్రం విశ్రాంత ఉద్యోగి గారు చెప్పినట్టు వారం తప్పకుండా ఖాళీ చేయాల్సిందే.