బంగ్లా మీద గోలెంలో తామర: ఆకులు మాడుతున్నాయి, నీళ్లు పచ్చబడ్డాయి

హన్మకొండ బంగ్లాతోట

అమ్మగారింట్లో బర్రెలు అమ్మేశాక కుడితి గోలెం వాకిట్లో ఊరికే పడి ఉంటే, సంక్రాంతికి పోయినప్పుడు ట్రాలీ ఆటోలో వేసుకొని తెచ్చుకున్నాను. నలుగురు పడితే గానీ బంగ్లా ఎక్కలేదు. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. ఫిబ్రవరిలో ఊరి చెరువు నుంచి రెండు తామర దుంపలు తెచ్చి నాటాను. ఈసారి బతుకమ్మలో మా ఇంటి తామర పువ్వు పెట్టాలని ఆశ.

ఏప్రిల్ దాకా బాగుంది. నీళ్ల మీద తేలే ఆకులు ఆరేడు వచ్చాయి, ఒకటి కాడ పైకెత్తి నిలబడింది కూడా. ఇప్పుడు ఎండ 43 దగ్గర ఉంది. ఆకుల అంచులు కాల్చిన అప్పడంలా విరుగుతున్నాయి. నీళ్లు పాలకూర పప్పు రంగుకు తిరిగి, వాసన కూడా వస్తోంది. నాలుగు రోజులకోసారి మొత్తం తోడేసి కొత్తవి పోస్తున్నాను, మూడో రోజుకే మళ్లీ పచ్చగా. రోజూ రెండు వేళ్ల మందం తగ్గుతుంటే మధ్యాహ్నం వంటయ్యాక పైపు పెట్టి నింపుతాను. నాటేటప్పుడు బలానికని రెండు దోసిళ్ల పచ్చి పేడ కలిపిన మాట నిజం.

పక్క టబ్బులో ఎర్ర కలువ పది కొట్టకముందే ముడుచుకుంటోంది. అదీ ఎండదెబ్బేనా? టమాటా పూతంతా రాలింది. మా ఆయన "తామరకు చెరువుండాలె గని బంగ్లా ఏంది" అంటున్నారు. ఆ మాట నెగ్గనివ్వకూడదు, సాయం చేయండి.

కాజీపేట తాతయ్య

అమ్మా, తామరకు ఎండతో గొడవ లేదు. అది పెరిగేదే ఎండకు. గొడవ నువ్వు పోసే నీళ్లతో. మధ్యాహ్నం ఆ పైపులో వచ్చేవి బంగ్లా మీది నల్ల ట్యాంకు నీళ్లే కదా, ఆ వేళకు ఒకసారి చేతి మీద పోసుకొని చూడు. రైల్వేలో రిటైరైన ఏడాది నేనూ ఇట్లాగే ఒక గోలెం నిండా దుంపలు ఉడకబెట్టాను. పొద్దున ఆరింటికి, ట్యాంకు చల్లగా ఉన్నప్పుడు నింపు.

రెండోది, చెరువులో ఎండ పైనుంచే పడుతుంది, బంగ్లా మీద నాలుగు పక్కలా కాలుతుంది. గోలెం కింద ఇటుకలు పెట్టి స్లాబుకు తగలకుండా లేపు. చుట్టూ గోనెసంచి కట్టి పొద్దున, మధ్యాహ్నం తడుపు. పడమటి వైపు ఒక పాత చీర అడ్డం కట్టినా చాలు. పైన మాత్రం కప్పకు, నీడలో తామర పూయదు.

పచ్చి పేడ నీళ్లలో కుళ్లుతుంది, వాసన దానిదే. నీళ్లు పచ్చబడటానికీ అదే తిండి. ఇప్పుడు మట్టి కదిలిస్తే దుంప మొన విరుగుతుంది, కాబట్టి ముట్టుకోవద్దు. నీళ్లు మార్చడం కూడా మానెయ్యి. మార్చిన ప్రతిసారీ మట్టి కదిలి పాచికి మళ్లీ పండగే. ఆకులు సగానికి పైగా పరుచుకుంటే నీటికి ఎండ తగలక అదే తేటబడుతుంది. మాడిన ఆకు తీయాలంటే కాడను నీటికి పైనే కత్తిరించు. తామర కాడ లోపల గొట్టంలా ఉంటుంది, నీటి లోపల కోస్తే ఆ దారిన నీళ్లు దుంపకు చేరి కుళ్లిస్తాయి.

కలువ సంగతికి టెన్షన్ వద్దు. ఎర్ర కలువ రాత్రి విచ్చుకునే జాతి, పొద్దెక్కాక ముడుచుకోవడం దాని అలవాటు. నువ్వే ఆలస్యంగా లేస్తున్నావు!

జగిత్యాల మిద్దె

అక్కా, టమాటా మీద ఆశ వదులుకోండి. పగలు 35 దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, మందు కొట్టినా పూత నిలవదు. నేనైతే పీకేసి ఆ కుండీల్లో గోరుచిక్కుడు వేస్తాను. బెండ, తోటకూర, బచ్చలి కూడా ఈ ఎండకు బెదరవు. గంగవాయిలి కూరయితే వేయక్కరలేదు, గోలెం నుంచి నీళ్లు కారే చోట దానంతటదే మొలుస్తుంది. పప్పులో వేసుకోండి. కుండీల మీద రెండు వేళ్ల మందం ఎండుటాకులు పరచండి. రోజుకు రెండుసార్లు పోసే నేను ఇప్పుడు ఒక్కసారే పోస్తున్నాను.

గోలెంలో దోమ పిల్లలు లేవా? మలేరియా వాళ్లు చెరువుల్లో వదిలే గంబూషియా చేపలు నాలుగు దొరికితే వేయండి. నేను అక్వేరియం షాపు నుంచి గప్పీలు తెచ్చి వేస్తే, మేలో ఒక్క మధ్యాహ్నమే అన్నీ తేలాయి. మా పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పరకాల రైతుబిడ్డ

గుర్రపు డెక్క రెండు మొక్కలు వేయండి, నీళ్లు చల్లగా ఉంటాయి.

కాజీపేట తాతయ్య

వద్దు తమ్ముడూ. భద్రకాళి చెరువును ఆ డెక్క ఎట్లా కమ్మేసిందో చూసినవాణ్ణి. రెండడుగుల గోలెం దానికి ఒక లెక్కా? నెల తిరగకముందే తామర కనపడదు.

హన్మకొండ బంగ్లాతోట

పన్నెండు రోజులైంది. ఇటుకలు పెట్టించాను, గోనెసంచి కట్టాను. చీర అడ్డానికి మా ఆయన పాత లుంగీ దొరికింది. నీళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి గానీ వాసన పోయింది. పాత ఆకులు నాలుగు పోయాయి. నిన్న పొద్దున ఆరింటికి పైపు పట్టుకొని చూస్తే రెండు కొత్త ఆకులు, సూదిలా చుట్టుకొని నీటిపైకి లేచాయి. ఎర్ర కలువ కూడా విచ్చుకొని ఉంది, తాతయ్యా! మొగ్గ జాడ ఇంకా లేదు. కాడ లేచాక బలానికి ఏం వేయాలి? పేడ మాత్రం వేయను.

కాజీపేట తాతయ్య

ఇప్పుడేమీ వద్దు. నిలబడే ఆకులు నాలుగైదు రానీ, అప్పుడు డి.ఏ.పి. ఎరువు ఐదారు గుళికలు కాగితంలో చుట్టి, దుంపకు దూరంగా, గోలెం అంచున మట్టిలోకి వేలితో దిగ్గొట్టు.